పడవ కింది కుక్క

నాగాయలంక, 14-11-2025. ముసురు ఆగింది. వల ఎండేశాను.

చి. వీరదుర్గకు, మేం కులాసా. సోమవారం రేవులో మీ అన్నపూర్ణ పిన్నిని వెనకనుంచి కుక్క కరిచింది. సూదులు వేయిస్తున్నాం. దాన్ని పట్టుకోమని నేను అర్జీ పెడితే పంచాయతీవాళ్లు వచ్చి, "ఇన్ని కుక్కల్లో ఏదండీ?" అన్నారు. పిన్ని దాన్ని చూడనేలేదు. మీ అమ్మ చేపపేగుల బుట్ట తెచ్చి ఇసుకలో బోర్లించింది. కుక్కలన్నీ ఎగబడ్డాయి. పడవ కింద నల్లది మాత్రం తల కూడా ఎత్తలేదు.

"అదే బాబూ. ఒళ్లు బాగున్న కుక్క పేగులు వదులుద్దా?" అంది.

దగ్గరికెళ్తే దాని నోట నురగ. పంచాయతీవాళ్లు వల వేసి పట్టుకెళ్లారు. ముప్పైయేళ్ల కాపురంలో ఆమెకింత తెలుసని నాకు తెలియలేదు. అది ఇంకే కుక్కల్ని కరిచిందో, పాపను ఇప్పుడే రేవుకు తీసుకురాకు. పిన్నికి ధైర్యం చెప్పు. మీ అమ్మను మెచ్చుకోవడం నాకు చేతకాలేదు. ఫోన్లో నువ్వే చెప్పు, నేనన్నానని. అల్లుడికి, పాపకు దీవెనలు.

నాన్న, అప్పయ్య