మిరప నారు ట్రేలలో పురుగు

2011 అక్టోబర్ 3, సోమవారం. మహబూబాబాద్.

అమ్మకానికి పెంచుతున్న మిరప నారు ట్రేల మీద ఎగిరే నల్ల ఈగలను దోమలే అనుకుని వారం వదిలేశాను. ఇవాళ చూపిద్దామని వ్యవసాయాఫీసుకు పోతే తెలంగాణ కోసం సమ్మె, తాళం. ఆ తాళం వేయించిన గుంపులో నేనూ ఉన్నాను.

తిరిగొచ్చి, శిక్షణలో చెప్పినట్టు ఆలుగడ్డ ముక్క కోసి ట్రేలో నింపిన కొబ్బరిపొట్టు మీద పెట్టాను. సాయంత్రం తీస్తే దాని అడుగున నల్ల తలల తెల్ల పురుగులు. ఇవి ఆ ఈగల పిల్లలే, నారు వేళ్లు తింటాయి. ఈ నారు కోసమే దుక్కి సిద్ధం చేసుకున్న మంగ్లి, బస్సుల్లేక తండా నుంచి నడిచొచ్చి, పక్కనే నిలబడి చూసింది. పొట్టు పిండితే నీళ్లు కారాయి.

"గిన్ని నీళ్లేందన్నా?"

"బొగ్గు బాయిలు బందైనయి చెల్లె. కరెంటు ఎప్పుడొస్తదో తెల్వక, వచ్చినప్పుడల్లా పోసిన."

"అయితే నారును కాదు, పురుగును సాదినవ్."

పొట్టు ఆరితే పురుగు చస్తుంది. మరీ ఆరితే నారే పోతుంది. మళ్లీ విత్తనం పెట్టే అదను దాటింది. రెండు రోజులు తడపనని మాటిచ్చాను.

"బతికిందే తీస్కపోత తియ్," అని మంగ్లి వెళ్లిపోయింది.

ఇప్పుడే కరెంటు వచ్చింది. మోటారు దాకా పోయి, స్విచ్ వేయకుండా వచ్చి కూర్చున్నాను. ఇంకా పోలేదు కరెంటు.