పదిహేను వందలు

ప్రియమైన వదినా,

ఈ ఉత్తరం నీ బస్సు డిపో చిరునామాకే పంపుతున్నాను. ఫోన్‌లో రాస్తే అన్నయ్య చదువుతాడు. నీ ఫోన్ కూడా తన సొత్తే అనుకుంటాడు కదా!

ఆదివారం సంగతి నాకింకా మింగుడు పడడం లేదు. నాన్న పోయాక నేను అడిగింది ఒక్కటే, ఆయన చదరంగం బల్ల. పోయిన ఏనుగు బదులు సీసా బిరడా పెట్టుకుని ఆయన నాకు ఆట నేర్పిన బల్ల. దాన్ని నా చేతుల్లోంచి లాక్కుని పెదనాన్న వాళ్ళందరి ముందు అన్నయ్య ఏమన్నాడు? "నాకు ఆన్‌లైన్‌లో పదిహేను వందల రేటింగు. ఇది ఆట వచ్చినవాడి దగ్గరుండాలి. నన్ను ఓడించు, తీసుకుపో." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను వదినా, అదే నా మంట.

నిన్న నేను పనిచేసే కళ్ళద్దాల షాపులో మధ్యాహ్నం భోజనం మానేసి ఫోన్‌లో చదరంగం యాప్ వేసుకున్నాను. ఆట కొత్తా అని అడిగింది. ఇరవై ఏళ్ళుగా పావు ముట్టలేదు కదా, అవునన్నాను. నాలుగు వందలిచ్చింది. సాయంత్రానికి మూడు వందల నలభైకి దిగాను. అసలు ఎంతుంటే మంచి రేటింగంటారు? పదిహేను వందలంటే నిజంగా అంత గొప్పా? కనుక్కుని చెప్పు. వాడి చేత ముక్కు నేలకు రాయించాలి.

ఉడికిపోతున్న
నీ ఆడపడుచు

*

ప్రియమైన అద్దాల రాణికి,

నీ ఉత్తరం డ్యూటీ చార్టుల మధ్య దాచుకుని చదివాను. డ్రైవర్లు చూసి ప్రేమలేఖ అనుకున్నారు. అనుకోనీ, ఈ వయసులో నాకదీ ఒక గౌరవమే.

నీ యాప్ సంగతి మా టైమ్‌కీపర్‌ని అడిగాను. అతనికి ఆ పిచ్చి ముదిరిపోయింది. నీ యాప్‌లో వెయ్యి దాటితే ఆట వచ్చినట్టేనట. పన్నెండు వందలంటే తెలిసినవాళ్ళు నీతో ఆడడానికి జంకుతారట. పదిహేను వందలంటే సరదాగా ఆడేవాళ్ళు చాలామంది నీ వెనకే ఉంటారట. "మంచి రేటింగంటే ఏముందమ్మా, మనల్ని ఏడిపించినవాడికన్నా ఒకటి ఎక్కువ" అన్నాడు. ఆ మాట నాకు భలే నచ్చింది.

కాబట్టి ఇప్పుడే సవాలు చేయకు. పదిహేను వందలు రానిదే మా గడప తొక్కకు. ఒక్కటి తగ్గినా వద్దు. ఒక్కాట ఓడితే ఏదో పరధ్యానం అంటారు మీ అన్నయ్య. వరసగా మూడు ఓడాలి, నోరు పెగలకూడదు. అందాకా బల్ల మీద దుమ్ము పడకుండా చూసే పూచీ నాది.

నీ పక్షాన ఉన్న
వదిన

*

ప్రియమైన వదినా,

ఐదు నెలలైంది. తొమ్మిది వందల ఎనభై దగ్గర కూరుకుపోయాను. ఎక్కడివాళ్ళో ఏమిటో, ముఖాలు కూడా తెలియనివాళ్ళు నన్ను చితక్కొడుతున్నారు.

మొన్న షాపులో పరువు పోయింది. అద్దం నంబరు చూసే యంత్రాన్ని ముందు సున్నాకి తేకుండానే అందులో అద్దం పెట్టాను. మా పనిలో అంతకన్నా పెద్ద తప్పు లేదు. ఒకావిడ ఆ కళ్ళద్దాలు పెట్టుకుని షాపు మెట్లు తడుముకుంటూ దిగింది. పరుగెత్తుకెళ్ళి వెనక్కి తెచ్చాను. ఓనరు నాకు వినపడేలా నిట్టూర్చాడు.

ఎదుటివాడి రాజుకి అన్నయ్య మొహం తగిలించుకుని ఆడుతున్నాను. "ఇంకా కోపం చల్లారలేదా" అంటారు మావారు. చల్లారకూడదనే రోజూ ఊదుతున్నానన్నాను.

అన్నయ్య రోజూ ఆడుతున్నాడా? వాడి రేటింగు ఇంకా పెరిగిందా? పెరిగితే నా గతేం కాను!

నీ ఆడపడుచు

*

ప్రియమైన రాణీ,

పెరగలేదు, తరగలేదు. రోజూ పొద్దున్నే యాప్ తెరిచి ఆ అంకె చూసుకుని, మీసం సవరించుకుని మూసేస్తారు. పదిహేను వందలంటే పదిహేను వందలే.

నీకు చెప్పకూడదనుకున్నాను, కానీ చెబుతున్నాను. మొన్న భోజనం దగ్గర నీ మాటొస్తే "అదింకా గుర్రం ఎటు దూకుతుందో నేర్చుకుంటూ ఉంటుంది" అన్నారు. నేను తలొంచుకుని మజ్జిగ పోశాను.

ఊదు. గట్టిగా ఊదు.

నీ వదిన

*

ప్రియమైన వదినా,

పదిహేను వందల ఏడుతో వచ్చాను. మూడాటలూ నావే. పెదనాన్న పగలబడి నవ్వడం నువ్వూ చూశావు. "ఫోన్లో ఆట వేరు, బల్ల మీద వేరు" అని వాడు గొణుగుతుంటే నా కడుపు చల్లబడింది. బల్ల చంకన పెట్టుకుని మెట్లు దిగేదాకా.

అప్పటినుంచీ మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. మొదటి ఆటలో ఆరో ఎత్తుకే మంత్రిని తెచ్చి నా శకటు దారిలో పెట్టాడు. పదిహేను వందలవాడు అలా చేయడు. నాకు తెలుసు, నేనిప్పుడు పదిహేను వందలదాన్ని. కావాలని ఓడిపోయాడు వదినా. ఆడపిల్ల ఏడుస్తోంది కదా అని బల్ల దానం చేశాడు. ఏడాదిన్నర పగ పెంచుకుని చివరికి జాలి తెచ్చుకున్నానా? అదే నిజమైతే ఈ బల్ల నాకొద్దు, తెచ్చి వాడి గుమ్మంలో విసిరేస్తాను. నీకు తెలిసే ఉంటుంది. దాచకుండా చెప్పు.

నీ ఆడపడుచు

*

ప్రియమైన రాణీ,

బల్లని పదిలంగా ఉంచుకో. మీ అన్నయ్యకి జాలి ఎప్పుడుందని! మంత్రిని అక్కడ పెట్టింది ఆట రాకే.

నీ మొదటి ఉత్తరం వచ్చిన వారమే ఆయన ఆడే యాప్‌ని, ఆయన కంటపడకుండా, డిపోలో నాకిచ్చిన ఫోన్‌లో వేసుకున్నాను. అది నీ యాప్ కాదు, వేరేది. బంటునైనా కదపకముందే నాకు ఒక అంకె ఇచ్చింది. పదిహేను వందలు. అక్కడ అందరికీ మొదలు అదే. మీ అన్నయ్య ఖాతా తెరిచి చూశాను. ఆడిన ఆటలు సున్నా. ఆడితే తగ్గుతుందని ఒక్కటీ ఆడలేదు మహానుభావుడు. సున్నా చూడనిదే అద్దం ముట్టని నువ్వు, ఆ అంకె ఎక్కడ మొదలైందో ఒక్కసారీ అడగలేదు.

నీకు అప్పుడే చెప్పి ఉంటే మర్నాడే వచ్చి, తడబడుతూ గెలిచి వెళ్ళేదానివి. నాకది చాలదు. నిన్ను ఏడాదిన్నర ఏడిపించాను, క్షమించు. కానీ నీ పగకన్నా నాది పాతది. మూడేళ్ళ కిందట నాకూ ఆట నేర్పమని అడిగాను. "పదిహేను వందలవాణ్ణి, నీతో ఆడితే నా స్థాయి పడిపోతుంది" అన్నారు. నేను నమ్మాను. నమ్మి, ఆయన ఆ యాప్ చూసుకుంటుంటే చప్పుడు కాకుండా నడిచాను.

అదే యాప్‌లో నేను ఆడుతూనే ఉన్నాను. ఓడి ఓడి తొమ్మిది వందలకి పడ్డాను, లేచాను. ఇవాళ్టికి పదమూడు వందల ఎనభై. ఆయనకన్నా నూట ఇరవై తక్కువ. అన్నీ ఆడి తెచ్చుకున్నవే.

వచ్చే ఆదివారం బల్ల తీసుకుని రా. పెదనాన్నని పిలిచాను. బిరడా మరిచిపోకు. ఈసారి ఆయన ఎదుట కూర్చునేది నేను.

నీ వదిన