రెండో పిడికెడు

24-1-88, ఆదివారం

చర్చిలో అయ్యగారు మళ్ళీ మా తమ్ముడి పేరెత్తి ప్రార్థన చేశారు. శ్రీలంకలో ఉన్న మన ఆశీర్వాదాన్ని కాపాడు ప్రభువా అని. భట్టిప్రోలు ఆడవాళ్ళంతా అమ్మ చేతులు పట్టుకున్నారు. నాకు కడుపు మండింది. ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను.

26-1-88

వండే ముందు అమ్మ చేటలోంచి పిడికెడు బియ్యం తీసి ముంతలో వేస్తుంది. అది దేవుడిది, ఆదివారం చర్చికి వెళ్తుంది. తమ్ముడు లంక యుద్ధానికి వెళ్ళిన దగ్గర్నుంచి వాడి పేరున రెండో పిడికెడు వేస్తోంది. మా ఇంట్లో మొదట బడికి వెళ్ళింది నేను. రోజూ రైల్లో తెనాలి కాలేజీకి వెళ్ళేది నేను. టెన్త్ ఫెయిలై మిలటరీలో చేరినవాడికి పిడికెడు. నా పరీక్షలకి ఎప్పుడన్నా వేశావా అని అడిగాను. పరీక్షల్లో తుపాకులు పేలతాయంటే నీ కోసం బస్తా ఇస్తానే అంది.

9-2-88

కాలేజీలో వ్యాసరచన పోటీ. సబ్జెక్టు 'యుద్ధం, శాంతి'. ఫస్ట్ ప్రైజ్ నాకే. స్టీలు డబ్బా.

10-2-88

డబ్బా నిండా అమ్మ సున్నుండలు చేసి పెట్టింది. వాడు లీవు మీద వస్తున్నాడట.

15-2-88

వచ్చాడు. వీధంతా మా వాకిట్లోనే. ఎంతమందిని లేపేశావు అల్లుడూ అని మాణిక్యమ్మత్త అడిగింది. వాడు నవ్వి బూట్లు విప్పుకున్నాడు. సున్నుండ ముట్టలేదు. నా ప్రైజు సంగతి ఎవరూ అడగలేదు.

18-2-88

అమ్మ కూలికి వెళ్ళింది. నేను ముంతలో బియ్యం వేస్తుంటే వాడు చూసి చెప్పడం మొదలుపెట్టాడు.

జాఫ్నా దగ్గర ఒక ఇల్లు సోదా చేయడానికి వెళ్ళారట. తుపాకి ఎదురుగా ఉన్నా ఆ ఇంటావిడ వంట ఆపలేదట. అచ్చం అమ్మలాగే పిడికెడు బియ్యం తీసి చిన్న కుండలో వేసిందట. ఎవరికమ్మా అని తెలుగులో అడిగేశానక్కా అన్నాడు. ఆవిడ గోడ మీది ఫోటో చూపించిందట. మీసం కూడా సరిగా రాని కుర్రాడు. వీళ్ళు వెతుకుతున్నది అతన్నే.

ఆ వారమే దొరికాడక్కా అన్నాడు. ఎలా అని నేను అడగలేదు. ఆవిడకి చెప్పారో లేదో, ఇంకా వేస్తానే ఉందేమో అన్నాడు. మళ్ళీ అక్కడికి వెళ్ళాలంటే భయంగా ఉందన్నాడు.

పేపర్లో వీళ్ళని శాంతిసేన అంటారు. సాయంత్రం నా వ్యాసం తీసి చదివాను. అందులో మనిషి ఒక్కడూ లేడు. వాడి భయాన్ని చూసి కూడా నాకు అసూయే.

21-2-88, ఆదివారం

దేవుడు కాపాడినందుకు సాక్ష్యం చెప్పమని అయ్యగారు వాణ్ణి నిలబెట్టారు. ప్రార్థనలో అవతలివాళ్ళని కూడా తలుచుకోండయ్యగారూ అని కూర్చున్నాడు. అంతే. ఎవరూ ఆమేన్ అనలేదు. ఏంట్రా, మతిపోయిందా అని మాణిక్యమ్మత్త అందరికీ వినపడేలా గొణిగింది. ఆరు పేజీలు రాసి నేను ప్రైజు తెచ్చుకున్న మాట అది. వాడు ఊరి ముందు నిలబడి చెప్పాడు. నేను ఆమేన్ అనలేకపోయాను.

29-2-88

తెనాలి స్టేషన్‌లో రైలెక్కించాను. డబ్బా వాడికిచ్చేశాను.

2-3-88

ఈ పూట నేను వండాను. దేవుడికొకటి, వాడికొకటి వేసి, మూడో పిడికెడు తీశాను. నీకా అంది అమ్మ. కాదు, అవతలివాళ్ళకన్నాను. అమ్మ చేటలో చెయ్యి పెట్టి, ఇది నీకంటూ ఇంకో పిడికెడు తీసి ముంతలో వేసింది.

రాత్రి అన్నం చాలలేదు.