లేని పెయ్య కోసం తమ బంట్రోతు పరుగెత్తిన సంగతి

శ్రీయుత ఏజెన్సీ పాఠశాలల ఇన్స్పెక్టరు గారి సముఖమునకు, మకాం అరకు.
రేగుగుమ్మి మిషను పాఠశాల ఉపాధ్యాయుడు ఎలీయేజరు వ్రాసుకొన్న అర్జీ.
నవంబరు, 1925.

అయ్యా,

విషయం: తమరు తనిఖీకి దయచేసిన దినమున పాఠశాల ఖాళీగా నుండుటకు గల కారణములు, మూసివేత ఉత్తరువు రద్దు కోరుట గురించి.

అధికారులు ఖాకీ ధరించి మా కొండకు రావద్దని ఇదివరకే రెండు అర్జీలు పంపుకొన్నాను. జవాబు లేదు. జవాబుకు బదులు తమరే ఖాకీలో వచ్చారు. కనుక ఈ క్రింది మనవులు.

1. గడచిన గురువారమున తమరు వచ్చేసరికి బడి తలుపు తీసి ఉన్నది, పలకలు నేలమీద ఉన్నవి, ఊళ్లో పొయ్యిలు మండుతున్నవి, మనిషన్నవాడు లేడు. దానిపై తమరు "ఇది కాగితం మీది బడి" అని వ్రాసి, నెలాఖరుకు మూసివేయవలసినదని ఉత్తరువు ఇచ్చారు. అయ్యా, ఆ వేళ బడి నడిచినది. ఊరి వెనుక పారే గెడ్డవాగు పక్కన పెద్ద రాతి కింద నడిచినది. నేను హాజరు పిలిచాను. పిల్లలు నోటితో పలకక చేతులెత్తారు. సదరు హాజరును లెక్కలోనికి తీసుకొనవలెనని ప్రార్థన.

2. మేము పారిపోవుటకు కారణం తమ నిక్కరు. బూట్లు, టోపీ, వెంట వచ్చిన బిళ్ల బంట్రోతులు కూడా. మన్యం పితూరీ రోజులలో ఆ తిరుగుబాటువాళ్లు వచ్చి ఊరిలో బియ్యం అడిగారు. వారు వెళ్లగానే ఖాకీ పోలీసులు వచ్చి ఆ బియ్యం ఎవరు పెట్టారని అడిగారు. సామలు నూర్చుకొంటున్న మల్లేశును ఆ కళ్లంలోనే కొట్టారు. అతని కుడిచెయ్యి నేటికీ భుజం దాటి లేవదు. అతని కూతురు గంగ అప్పుడు కళ్లంలోనే ఉంది, అంతా చూసింది.

"పితూరీ అణగిపోయినది, ఇక భయమెందుకు" అని తమ ఉత్తరువులో సెలవిచ్చారు. ఆ సంగతి చాటించడానికి వచ్చినవారు కూడా తుపాకులు పట్టుకొనే వచ్చారు! ఆ చాటింపు మేము గెడ్డలో కూర్చుని విన్నాము.

3. ఇక పెయ్య సంగతి. "ఒక వృద్ధురాలు నల్లపెయ్య కొరకు అరచుచుండెను, అడిగిన పలుకలేదు" అని తమ నివేదికలో ఉన్నది. ఆమె గంగ నాయనమ్మ సోములమ్మ. మెట్టమీద చోళ్ల చేనుకు కాపలా ఉంటూ, దారిలో ఖాకీ కనబడితే "నల్లపెయ్యా, బేగి రాయే!" అని కేకవేయడం ఆమె పని. మా ఊళ్లో నల్లపెయ్య లేదు. ఎన్నడూ లేదు. ఆ కేక వింటే ఊరంతా గెడ్డలోకి దిగాలని కట్టుబాటు.

తమరు దయగలవారు గనుక పెయ్యను వెతికిపెట్టమని బంట్రోతును పంపారు. బిళ్ల కట్టినవాడు తనవైపు పరుగున వస్తుంటే ఆ ముసలమ్మ ఏమనుకోవాలి? తానూ పరుగెత్తింది, బండమీద పడి మోకాలు పగులగొట్టుకొన్నది. బంట్రోతు అక్కడితో ఆగలేదు. "నల్లపెయ్యా, నల్లపెయ్యా" అని ఆమెకన్నా గట్టిగా పిలుస్తూ గెడ్డ దాకా వచ్చాడు. అతడు పిలిచినకొద్దీ పిల్లలు రాతికిందికి మరింత లోపలికి దూరారు. నేనూ దూరాను.

4. "పిల్లలు పైకి చదువరు" అని పోయిన సంవత్సరం పంచెలో వచ్చి చూసిన మిషనువారు వ్రాశారట. చదువుతారు. గుసగుసగా చదువుతారు. రాతికింద నేర్చినవారికి అలాగే వచ్చింది. కళ్లంలో ఆ రోజు తరువాత గంగ నాయనమ్మ చీర కొంగు వదిలి ఎక్కడికీ వెళ్లదు, ఒక్క బడికి తప్ప. బడికి ఒక్కతే వస్తుంది. ఇప్పుడు రెండో వాచకం చదువుతున్నది. గట్టిగా చదవమ్మా అంటే, "పెద్దగా సదివితే ఆల్లకి ఇనపడదా, మేస్టారూ?" అన్నది. ఇన్స్పెక్టరు గారికి వినపడడం కోసమే చదవమన్నానని చెప్పనా? బడి మూసేస్తే ఆ పిల్ల మళ్లీ కొంగు పట్టుకొని ఇంట్లో కూర్చుంటుంది. నాకు కోపం వస్తున్నది, ఏడుపూ వస్తున్నది. అర్జీలో ఇవి వ్రాయకూడదని తెలుసు.

కావున తమరు మరొక్కసారి దయచేయవలెను. ధోవతి కట్టుకొని, గొడుగు వేసుకొని రావలెను. బంట్రోతుల బిళ్లలు మూటలో పెట్టించవలెను. చాప వేస్తాము. గంగ పక్కన కూర్చుని, ఆమె నోటి దగ్గర చెవి పెట్టి వినవలెను. బూట్లవారిని ఆ పిల్ల అంత దగ్గరికి రానివ్వదు.

పైన వ్రాసినదంతా చిత్తగించి బడిని నిలబెట్టవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
(బంట్రోతును చూసి పరుగెత్తుటలో తప్ప)
ఎలీయేజరు

మరొక మనవి: పెయ్య రహస్యం తమకు వ్రాయవచ్చునా అని సోములమ్మను అడిగాను. మోకాలికి పసుపు రాసుకోవడం ముగించింది. తరువాత, "రాసీ బాబూ. ఏటవుతాది? రేపట్నించి ఎర్రపెయ్యని పిలుత్తాను" అన్నది. నేను కాగితం మడుస్తూ ఉంటే వెనక్కు పిలిచి, "ఆ బాబు పంచి కట్టుకొని వత్తే మాత్రం ఏ పెయ్యనీ పిలవన్లే, అదీ రాయి" అన్నది.