మరిగించిన నారింజ రసం

చిరంజీవి బాబుకు అమ్మ దీవెనలు.

“అందరం క్షేమం” అని మొదలుపెడదామంది, ఈ ఉత్తరం రాసిపెడుతున్న నర్సమ్మ. అబద్ధంతో మొదలుపెట్టకు తల్లీ అన్నాను. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలి, తిట్లతో సహా. రాశాక ఫోనులో ఫొటో తీసి నీకు పంపుతుంది. నీ గొంతు వింటే నాకీ మాట పెగలదు, అందుకే ఉత్తరం.

నువ్వడిగినవి ముందు చెబుతాను. నా మోకాలికేం కాలేదు, దాని ఊసెత్తకు. కోడలికి ఉమ్మనీరు కారడం మొదలై తొమ్మిది రోజులు. ఏడో నెల ఇంకా నిండలేదు. ఆసుపత్రిలో మంచం దిగనివ్వడం లేదు. నర్సమ్మ పూటపూటకూ బిడ్డ గుండె వింటుంది. ఆమె తలూపేదాకా ఆమె మొహమే చూస్తుంటాను. పొద్దుట కోడలికి ఒళ్లు వెచ్చబడింది. జ్వరం పెరిగితే ఇక ఆగరట, బిడ్డను బయటికి తీసేస్తారట. దోసిట్లో పట్టేంత బిడ్డనురా!

“డాక్టరమ్మ చెప్పినా పళ్లు ఎందుకు తినలేదు? అంత నిర్లక్ష్యమా?” అని కోడలికి మెసేజ్ పెట్టావట. చదువుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

రక్తపరీక్షలో విటమిన్ సి బాగా తక్కువుంది. అది తక్కువైతే ఉమ్మనీటి సంచి పొర బలహీనపడొచ్చు గానీ, దానివల్లే చిరిగిందని చెప్పలేం అంది డాక్టరమ్మ. “పళ్లు తినలేదా?” అని అడిగింది. కోడలు నా మొహం చూసి, “నాకే సయించలేదండీ” అంది.

అబద్ధంరా. రోజూ తింది. నేను పెట్టినట్టు తింది. ముప్పై ఏళ్లు హాస్టలు వంటశాలలో గరిటె తిప్పాను. పచ్చిది ఏదీ పిల్లల కంచంలో పడనివ్వలేదు. ఆ పొగరుతోనే నారింజ రసాన్ని కూడా పొయ్యి మీద సగానికి మరిగించి తాగించాను. జామపళ్లు మెత్తగా ఉడకబెట్టాను. “అత్తయ్యా, మరిగిస్తే అందులో సత్తువ పోతుందట” అంది ఒకసారి.

“నీ మొగుణ్ని పెంచింది నేనా, నువ్వా?” అన్నాను. మళ్లీ నోరెత్తలేదు. ఇప్పుడు నా పరువు కాయడానికి డాక్టరమ్మ ముందు నింద తన నెత్తినేసుకుంది.

ఇందాక నారింజ ఒలిచి తొన నోటికందించాను.

“పచ్చిదే పెడుతున్నారా?” అంది.

“పచ్చిదే. మింగు” అన్నాను. సగం తొన తిని ఏడ్చింది. తప్పు నాదే అని చెప్పాను. నా మాట వినిపించుకోవడం లేదు.

నన్ను తర్వాత తీరిగ్గా తిట్టు, పడతాను. ముందు దానికి ఫోను చెయ్యి. నాకు కాదు, దానికి. ఈ మిగిలిన సగం తొన ఎండిపోకముందే చెయ్యి, చేత్తో పట్టుకునే కూర్చున్నాను.

ఇట్లు,
నీ బిడ్డ గుండెచప్పుడు కోసం చెవులు రిక్కించుకున్న
అమ్మ వేలిముద్ర