వార్డు తలుపు మూసిన వసీలా

అక్కయ్యా, మన హూరియా బతికింది! అల్లాకు వేయి స్తోత్రాలు. కొత్త కిడ్నీ చక్కగా పనిచేస్తోంది.

ఆసుపత్రి కింది అంతస్తు పగలగొట్టి మళ్లీ కడుతున్నారు. అందుకే వార్డు తలుపు మూసే ఉంచాలంటుంది నర్సు వసీలా. మనవాళ్లు కుస్‌కుస్ వండుకుని గిన్నెలతో వస్తారు కదా అని నేనే కుర్చీ అడ్డంపెట్టి తెరిచి ఉంచేవాణ్ణి. మొన్న మధ్యాహ్నం చూసేసింది.

"చుట్టాలతోపాటు దుమ్మునీ పిలుస్తున్నారా హాజీ? కిడ్నీ నిలవడానికిచ్చే ఈ మందులు ఒంటి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి, మీ పిల్ల చిన్న రోగాన్నీ తట్టుకోలేదు. రేపు పొగొచ్చినా ఆపేది ఈ తలుపే!"

"వచ్చేవాళ్ల ముఖాన తలుపేయడం మా ఇంట్లో లేదమ్మా."

"ఇది మీ ఇల్లు కాదుగా!" అంటూ కుర్చీ లాగేసి తలుపు మూసింది.

గంట తిరక్కుండానే కింద వెల్డింగ్ నిప్పురవ్వ పడి ప్లాస్టిక్ తెరలు అంటుకున్నాయి. మెట్లమీదుగా నల్లటి పొగ పైకొచ్చి మా నడవా అంతా నిండింది. తలుపు దాటి లోపలికి మాత్రం రాలేదు. మంటలు ఆర్పేదాకా హూరియా నిద్రపోతూనే ఉంది. నేను తలుపుకు లోపలివైపు ఏడుస్తూ నిలబడ్డాను.

అమ్మార్ బావకు, తుర్కియా పిన్నికి, బాత్నాలో ఉన్న మేనల్లుళ్లకు చెప్పు. ఇప్పుడే ఎవరూ రావద్దను. మీ ఊరు స్కిక్దాలోనే వసీలా తల్లి ఉంటుందట, ఆవిడ కూతురే మన హూరియాను కాపాడిందని నువ్వే స్వయంగా వెళ్లి చెప్పు.