మొదటి మానికకు మా లెక్క

హెడ్మాస్టరు గారికి,

నిన్న మా అఖిల చింతగింజలను "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టిందట. మీ లెక్కల సారు నెత్తిన మొట్టి, "ఏందే, మీ నాయిన కిరాణా సేటా?" అని క్లాసంతా నవ్వించాడట.

ఇంటి వడ్లు కొలిచేటప్పుడు మా అమ్మ మొదటి మానికను ఒకటి అనదు, లాభం అంటుంది. పక్కింటి మెహమూద్ భాయి కూడా ఏక్ అనకుండా, వృద్ధి కలగాలని "బర్కత్, దో, తీన్" అంటాడు. పిల్ల విన్న లెక్క అది.

"ఒకటంటే అవ్వ తిడతది, లాభమంటే సారు కొడతడు. ఇగ నేను బడికి పోను" అని పొద్దున్నించీ ఏడుస్తోంది.

ఒకటి అనడం నేర్పండి, కాదనను. కానీ రేపు పిల్లతో నేనూ వస్తున్నాను. మొట్టిన సారు అదే క్లాసులో, నవ్విన పిల్లల ముందే ఆమెది తప్పు కాదని చెప్పేదాకా గుమ్మంలోంచి కదలను.

అఖిల తండ్రి,
చిట్యాల